పెరటి గోడకు ప్లగ్గు: వినకూడని సలహాలు

“ఏముందండీ, లోపలి స్విచ్‌బోర్డు వెనకాలే గోడకో కన్నం పెట్టి రెండు వైర్లు బయటికి లాగేస్తే అయిపోయె.”

పెరటి గోడకు ప్లగ్ పాయింటు కావాలని నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అంటారు. వాషింగ్ మెషీన్‌కో, కారు కడిగే పంపుకో, ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగుకో, వినాయక చవితి పందిరి లైట్లకో బయట ఒక ప్లగ్గు లేనిదే ఇప్పుడు ఇల్లు నడవదు. అవసరం నిజమే. సలహా మాత్రం నాలుగు చోట్ల తప్పు. ఆ బోర్డు తప్పు, ఆ కన్నం తప్పు, ఆ రెండు వైర్లు తప్పు. “అయిపోయె” అనుకోవడం వాటన్నిటికన్నా పెద్ద తప్పు.

లోపలి గదిలో ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి బయటా నడుస్తుందని నమ్మడం వల్లే ఇలాంటి సలహాలు పుడతాయి. మన ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు. పొడి చర్మం కరెంటును చాలావరకు అడ్డుకుంటుంది. చేతులు తడిగా ఉండి, ఒట్టి కాళ్లతో తడి నేల మీద నిలబడితే మాత్రం ఒంటి నిరోధం 1000 ఓమ్‌ల దరిదాపుల్లోకి పడిపోతుంది. అప్పుడు ఒంట్లోంచి పోయే కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు. 10 మిల్లీ ఆంపియర్లు దాటేసరికే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నదాన్ని వదల్లేకపోతాం. 30 దాటి కొన్ని క్షణాలు సాగితే ఊపిరి ఆడదు, ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది. గదిలో చురుక్కుమనిపించి వదిలేసే లోపమే పెరట్లో మనిషిని నిలువునా తీసుకుపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. బయటి ప్లగ్గును రోజూ ముట్టేది దాన్ని పెట్టించిన యజమాని కాదు. అంట్లు తోమడానికి వచ్చే ఆమె, కారు కడిగే కుర్రాడు, అపార్టుమెంటు వాచ్‌మన్, మొక్కలకు నీళ్లు పట్టే తాతగారు ముడతారు. వాళ్లు తడి చేతులతోనే ముడతారు, చాలాసార్లు చెప్పులు కూడా ఉండవు. “జాగ్రత్తగా వాడుకుంటాంలే” అని యజమాని ఇచ్చే హామీ వాళ్లకు ఏ రక్షణా ఇవ్వదు. ఎవరు ఎలా ముట్టినా ఏమీ కాకుండా ఉండేలా పెట్టాలి, లేదా పెట్టకూడదు. కింద చెప్పే ప్రతి మాటనూ ఆ కొలతతోనే చూస్తున్నాను.

ముందు ఆ బోర్డు సంగతి. గదిలో లైట్లూ ఫ్యాన్లూ నడిచే బోర్డుకు సాధారణంగా 1 లేదా 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వస్తుంది. దాని మీద 2000 వాట్ల హీటరున్న వాషింగ్ మెషీన్ వేస్తే 9 ఆంపియర్లు పోతాయి. ఎలక్ట్రిక్ కారుకు ఇచ్చే 15 ఆంపియర్ల పోర్టబుల్ ఛార్జరు అయితే 14 ఆంపియర్ల చొప్పున రాత్రంతా లాగుతుంది. అయిదు నిమిషాల మిక్సీ వాడకానికీ దీనికీ పోలికే లేదు. గోడలో పైపు లోపల వైరు గంటల తరబడి వేడెక్కుతుంది. జాయింట్ల దగ్గర ప్లాస్టిక్ తొడుగు గట్టిపడి పగులుతుంది. ఇదంతా కంటికి కనబడదు. అందుకే బయటి ప్లగ్గుకు మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను రావాలి. దానికి సొంతంగా 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే బ్రేకరు), కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఉండాలి. దూరం ఎక్కువైనా, కారు ఛార్జింగు కోసమైనా 4 స్క్వేర్ ఎంఎం వేయించండి. ఖర్చు పెరుగుతుంది. ఈ పనిలో ఎక్కడైనా పొదుపు చేయండి గానీ వైరు మందం దగ్గర చేయకండి.

ఇక “రెండు వైర్లు” అన్న మాట. ఎక్కువ ప్రాణాలు పోయేది ఇక్కడే గనుక దీని దగ్గర కాసేపు ఆగాలి.

ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అని మన ఇళ్లలో మూడు వైర్లు అలవాటు. పాత ఇళ్లలో ఆ మూడోది చాలా బోర్డులకు రానే రాదు. అప్పుడు వచ్చే సలహా: “ఎర్త్ లేకపోతే ఏమైంది, సాకెట్టులోనే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న ముక్క కలిపెయ్యండి. రెండూ వెళ్లేది భూమిలోకే కదా.” పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. టెస్టరు పెట్టినా లైటు వెలగదు. కానీ వెనకాల ఎక్కడో న్యూట్రల్ వైరు ఊడిందనుకోండి. బోర్డులో స్క్రూ వదులైనా చాలు. ఆ క్షణంలో ఫేజు కరెంటు మెషీన్ మోటారులోంచి వచ్చి, వెనక్కి పోయే దారి లేక, మీరు కలిపిన ఆ ముక్క గుండా మెషీన్ రేకు ఒంటి మీదికి ఎక్కుతుంది. మెషీన్ ఆగిపోతుంది. కరెంటు పోయిందేమో అనుకుని చూడ్డానికి వచ్చినవాళ్లు దాని మీద చెయ్యి వేస్తారు. బయట స్తంభం దగ్గర రిపేరులో ఫేజూ న్యూట్రలూ తారుమారైనా ఇదే జరుగుతుంది. ఎర్త్ లేని ప్లగ్గు ప్రమాదమే. న్యూట్రల్‌ను ఎర్త్‌గా కలిపిన ప్లగ్గు అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే మామూలుగా కరెంటు లేని రేకుకు కరెంటు తెచ్చేది అదే.

“ఎర్త్ ఉందండీ, బల్బు పెట్టి చూశాం, బ్రహ్మాండంగా వెలిగింది.” ఈ పరీక్షను నమ్మకంగా చేసే మంచి పనివాళ్లను చాలామందిని చూశాను. లెక్క వేసి చూద్దాం. 60 వాట్ల పాత రకం బల్బుకు వెలుగుతున్నప్పుడు నిరోధం దాదాపు 880 ఓమ్‌లు. మీ ఎర్త్ గుంట ఎండిపోయి 50 ఓమ్‌లకు చేరిందనుకోండి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెడితే దానికి ఇంకా 217 వోల్టులు అందుతాయి. కంటికి తేడా తెలియదు, బల్బు వెలుగుతుంది. ఎల్‌ఈడీ బల్బయితే అంతకన్నా చెడ్డ ఎర్త్ మీద కూడా వెలుగుతుంది. ఆ 50 ఓమ్‌ల ఎర్త్ ఉన్న ప్లగ్గులో మెషీన్ లోపల ఫేజు వైరు రేకుకు తగిలితే భూమిలోకి పోయేది 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది ఒక లెక్కే కాదు, గంటలైనా పడదు. ఆ గంటలన్నీ మెషీన్ రేకు మీద ఇంచుమించు పూర్తి 230 వోల్టులూ ఉంటాయి. ఇళ్లలో పెట్టే సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ తప్పకుండా తక్షణం పడాలంటే 160 ఆంపియర్లు పోవాలి. అంటే దారి మొత్తానికీ నిరోధం ఒకటిన్నర ఓమ్ లోపు ఉండాలి. ఇంటి పక్కన తవ్విన ఎర్త్ గుంట, అందులోనూ ఎండాకాలంలో, అంత బాగుండడం అరుదు. ఎర్త్ ఎంతుందో తెలియాలంటే మీటరుతో కొలిపించాలి. బల్బు చెప్పలేదు.

ఈ లెక్క చూశాక ఆర్‌సీసీబీ ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని ఇది నిరంతరం చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి సెకనులో మూడోవంతు కూడా గడవకముందే లైను తెంచేస్తుంది. ఎంసీబీ చూసేది 16 ఆంపియర్ల వైపు, అంటే దీనికి 500 రెట్లకు పైన. మనిషిని చంపే కరెంటు ఎంసీబీ కంటికి ఆననే ఆనదు. వైరు కాలిపోకుండా ఎంసీబీ, మనిషి పోకుండా ఆర్‌సీసీబీ. రెండూ కావాలి. రెండు పనులూ ఒకటే చేసే ఆర్‌సీబీఓ దొరుకుతుంది, బయటి ఒక్క లైనుకు అది పెట్టించుకోవడం సుళువు. కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవీ అమ్ముతారు. అవి మంటల ప్రమాదం కోసం, మనిషి కోసం కావు. ఇది సర్వరోగ నివారిణి కాదన్నదీ గుర్తుంచుకోవాలి. ఒక చేత్తో ఫేజునూ ఇంకో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకున్న మనిషిని అది కాపాడలేదు.

తరవాత వచ్చే సలహా విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. “ఆ ఆర్‌సీసీబీ వానొస్తే చాలు పడిపోతోంది, పీకేసి డైరెక్టు చేసెయ్యండి.” వానకు పడిందంటే అది చెడిపోయిందని కాదు. డబ్బాలోకి నీళ్లు పోతున్నాయి, లేదా తడిసిన జాయింటు భూమికి కరెంటు వదులుతోంది, లేదా ఎవరో న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపారు. అది పడుతున్నది ఏదో ఒక నిజమైన లోపం వల్లే. ఒక్కొక్క వస్తువూ ప్లగ్గులోంచి తీసి చూడాలి. అన్నీ తీసేసినా పడుతుంటే బయటి డబ్బా విప్పి చూడాలి. కొత్త లైను వేసిన రోజు నుంచే పడుతుంటే, పక్క సర్క్యూట్ న్యూట్రల్‌ను దీంట్లో కలిపారేమో వెతకాలి. ఇన్వర్టరున్న ఇళ్లలో ఈ కలగాపులగం చాలా ఎక్కువ. సగం పూట పట్టే పని ఇది. ఆ సగం పూట తప్పించుకోవడానికి ఇంట్లో మనుషుల ప్రాణాలకున్న ఒక్క కాపలానూ పీకిపారేయమని చెప్పేవాడు ఎంత అనుభవజ్ఞుడైనా ఆ మాట వినకండి.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. ఎర్ర ఇటుకను 24 గంటలు నీళ్లలో నానబెడితే తన బరువులో 20 శాతం దాకా నీళ్లు పీల్చుకోవచ్చని మన ప్రమాణాలే ఒప్పుకుంటాయి. మూడు కిలోల ఇటుకలో 600 మిల్లీలీటర్లన్నమాట. శ్రావణ భాద్రపదాల్లో పడమటి వాన కొట్టే గోడ బయటి వరస వారాల తరబడి చెమ్మగానే ఉంటుంది. పైన రంగు మాత్రం పొడిగా కనిపిస్తుంది. ఇది తెలిస్తే “అందంగా ఉంటుంది, గోడలోకి దింపేయండి” అన్న సలహా ఎంత తప్పో అర్థమవుతుంది. గదిలో లాగే బయటి గోడను తొలిచి రేకు డబ్బా దింపి, చుట్టూ సిమెంటు పూసి, పైన మామూలు మాడ్యులర్ ప్లేటు బిగిస్తారు. డబ్బా నాలుగు వైపులా తడి ఇటుకే. రెండు వానాకాలాలకు రేకు తుప్పు పడుతుంది, స్క్రూలు తిరగవు, ఎర్త్ బిగించిన చోటే కిలుము పడుతుంది. బయటి గోడకు గోడ పైన నిలబడే డబ్బాయే సరైనది. నీళ్లు చొరబడని గట్టి ప్లాస్టిక్ డబ్బా, పైన మూత, కింద పైపు. కాస్త బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

గోడ పైనుంచి పైపు పోవడంలో ఇంకో మేలుంది. గాడి కొట్టనక్కర్లేదు. నాలుగున్నర అంగుళాల గోడకు అడ్డంగా గాడి కొట్టేవాళ్లను చూస్తే నాకు ఇంటి మీద జాలి కలుగుతుంది. బరువు మోసే గోడలో నిలువు గాడి మందంలో మూడోవంతు, అడ్డ గాడి ఆరోవంతు దాటకూడదన్నది తాపీపనిలో పాత నియమం. నాలుగున్నర అంగుళాలకు ఆరోవంతు ముప్పావు అంగుళం. 20 మిల్లీమీటర్ల పైపు కూడా అందులో పట్టదు. పిల్లర్ల మీద నిలబడ్డ కొత్త ఇళ్లలో గోడ బరువు మోయదు కాబట్టి బీటలతో సరిపోతుంది. గోడల మీదే స్లాబున్న పాత ఇళ్లలో అడ్డ గాడి జోలికి పోకండి. పైపు లేకుండా వైర్లను నేరుగా గాడిలో పరిచి సిమెంటు పూసేయడం మరీ అన్యాయం. రేపు వైరు పాడైతే గోడ పగలగొట్టడమే దారి.

కన్నం కూడా ఊరికే పొడిచేది కాదు. తిన్నగా పొడిచినా, బయటివైపు ఎత్తుగా పొడిచినా ఆ కన్నం వాన నీళ్లను ఇంట్లోని బోర్డులోకి తెచ్చి పోస్తుంది. లోపలి నుంచి బయటికి కొంచెం కిందికి వాలుగా ఉండాలి. అందులో పీవీసీ పైపు ముక్క దూర్చి, వైర్లు దాంట్లోంచే పోవాలి. తొమ్మిది అంగుళాల గోడను ఒక్క వైపు నుంచే తొలిస్తే అవతలివైపు పళ్లెమంత పెచ్చు లేచిపోతుంది. ముందు సన్న బిట్టుతో పూర్తిగా తొలిచి, ఆ గుర్తు చూసుకుని బయటి వైపు నుంచి కూడా పెద్ద బిట్టు పెట్టాలి.

డబ్బాను బిగించడానికి “అంగుళం స్క్రూలు చాలు” అంటారు. బయటి ప్లాస్టరింగే 15 నుంచి 20 మిల్లీమీటర్లుంటుంది. అంగుళం స్క్రూ ప్లాస్టరింగునే పట్టుకుంటుంది, ఇటుకలోకి సరిగ్గా దిగదు. బరువైన ప్లగ్గు లాగినప్పుడల్లా కదిలి, ఒకరోజు పెచ్చుతో సహా చేతికొస్తుంది. రెండు, రెండున్నర అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ, దానికి తగ్గ నైలాన్ ప్లగ్గు ఇటుక నడిమధ్యలో దిగాలి. చెక్క బిళ్లలు కొట్టే పాత పద్ధతి బయట వద్దు. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని, ఆఖరికి చెదలకు ఆహారమవుతాయి. మట్టి అడుసుతోనో సున్నంతోనో కట్టిన పాత గోడల్లో ఇటుకల సందున తొలిస్తే పొడి రాలడమే తప్ప పట్టు దొరకదు. అక్కడ ఇటుకలోనే, హ్యామర్ ఆపి మెల్లగా తొలవాలి. తేలికరకం ఏఏసీ బ్లాకులకు వేరే రకం ప్లగ్గులు అమ్ముతారు, మామూలువి వాటిలో నిలవవు.

“డబ్బా చుట్టూ నాలుగు వైపులా సిలికాన్ కొట్టేయండి, చుక్క నీరు పోదు.” వినడానికి ఎంత బాగుందో అంత తప్పు. నీళ్లు ఎలాగో ఒకలాగ లోపలికి చేరతాయి. వానే కావాలని లేదు. పగలు వేడెక్కిన డబ్బా రాత్రి చల్లబడితే లోపలి గాలిలో తేమే చుక్కలు కడుతుంది. పైనా రెండు పక్కలా సిలికాన్ కొట్టి, గోడకూ డబ్బాకూ మధ్య కింది అంచు వదిలేయాలి. గోడ వెంబడి వెనక్కి చేరిన నీరు దిగిపోవడానికి అదే దారి. వైర్ల పైపు డబ్బాలోకి కింది నుంచే ఎక్కాలి. పై నుంచి దిగిన పైపు నీళ్లను నేరుగా సాకెట్టు మీదికి తెస్తుంది. పైపు చొరబడే చోట గ్లాండు బిగించండి. అక్కడ వదిలిన సందులోంచి బల్లులు దూరతాయి, చీమలు చేరతాయి, కందిరీగలు మట్టి గూడు కడతాయి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య చచ్చిపడిన బల్లి మూలాన లైను పడిపోవడం గురించి ఏ ఎలక్ట్రీషియన్‌నడిగినా చెబుతాడు.

కొనేటప్పుడు డబ్బా మీద ఐపీ అని రెండంకెలు చూడండి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. చూరు కింద, చినుకులే తగిలే చోట ఐపీ44 సరిపోవచ్చు. వాన నేరుగా కొట్టే గోడకు, కారు కడిగే చోటుకు ఐపీ55కు తక్కువ వద్దు. ఐపీ65 అయితే మరీ మంచిది. కానీ ఒక మెలిక ఉంది. చాలా డబ్బాలకు ఆ అంకె మూత మూసి ఉన్నప్పుడే వర్తిస్తుంది. ప్లగ్గు పెట్టి, మూత పైకెత్తి, వానలో రాత్రంతా స్కూటర్ ఛార్జింగు పెడితే ఆ అంకెకు అర్థం లేదు. ప్లగ్గు లోపల ఉండగానే మూత పడి, వైరు కింది గాడిలోంచి బయటికొచ్చే లోతు డబ్బా అడిగి తీసుకోండి. “పైన సన్‌షేడ్ ఉందిగా” అనే వాళ్లు తుపాను గాలికి వాన ఎలా అడ్డంగా కొడుతుందో మర్చిపోయారు. ప్లగ్గుకు పాలిథిన్ కవరు చుట్టి దారం కట్టడం ఇంకా మన వీధుల్లో కనిపిస్తుంది. ఆ కవరు నీళ్లను ఆపదు, లోపల నిలబెడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి స్క్రూలనూ పిన్నులనూ ముందే తినేస్తుంది. ఎండ పడే గోడకు నాసిరకం ప్లాస్టిక్ కొద్ది ఏళ్లలో పెళుసై విరుగుతుంది.

ఎత్తు మాట. “కింద పెట్టండి, గోడ అందం పోదు” అంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చిన నీరు చూశాక, 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునగడం చూశాక కూడా అడుగు ఎత్తున ప్లగ్గు పెట్టమనడం నాకు అర్థం కాదు. నాలుగడుగుల ఎత్తు పెట్టండి. పసిపిల్లల చేతికీ అందదు, హోసు పైపు చిమ్మినా నేరుగా తగలదు. కుళాయికి ఎంత ఎడంగా ఉంటే అంత మంచిది. ఇంకోటి, డబ్బా పక్కనే మేకు కొట్టి ఇనుప తీగ దండెం కట్టకండి. తడి బట్టలు ఆరేస్తూ ఇనుప దండెం మీద కరెంటు తగిలి చనిపోయిన ఆడవాళ్ల వార్త మన పత్రికల్లో ప్రతి వానాకాలం వస్తుంది. దండేనికి నైలాన్ తాడు కట్టండి. ఈ ఒక్క మాటకు పెద్ద ఖర్చు లేదు.

ప్లగ్గు పక్కన ఉండే స్విచ్చు చాలనుకోకండి. లోపలి గదిలో ఈ లైనుకు 20 ఆంపియర్ల డీపీ స్విచ్ ఒకటి పెట్టించండి. అది ఫేజునూ న్యూట్రల్‌నూ రెంటినీ తెంచుతుంది. వాడనప్పుడు బయటి డబ్బాలో కరెంటే ఉండదు. తడి చేత్తో బయట స్విచ్చు వేసే పనీ తప్పుతుంది.

“మెయిన్ ఆపేశాం, ఇక భయం లేదు, చెయ్యి పెట్టండి.” ఇన్వర్టర్ లేని రోజుల్లో ఈ మాట చాలావరకు నిజం. ఇప్పుడు మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ మేలుకుంటుంది, సగం వైర్లలో 230 వోల్టులూ అలాగే ఉంటాయి. ఇన్వర్టరునూ, సోలార్ పలకలుంటే వాటి లైనునూ విడిగా ఆపాలి. తరవాత తెలిసిన ప్లగ్గులో టెస్టరు పెట్టి అది వెలుగుతోందా అని ముందు చూసుకోవాలి. ఆ తరవాతే పని చేసే వైరును పరీక్షించాలి. చెడిపోయిన టెస్టరు కరెంటున్న వైరు మీద కూడా వెలగదు. బోర్డు దగ్గర ఒక మనిషిని కాపలా ఉంచండి, లేదా బ్రేకరు మీద కాగితం అంటించండి. పైన పని జరుగుతుంటే కింద ఇంకెవరో “కరెంటు పోయిందే” అని బ్రేకరు ఎత్తడం వల్ల పోయిన ప్రాణాలు తక్కువ కాదు.

యూట్యూబ్ చూసి ఈ పని మనమే చేసుకోవచ్చన్న సలహా కూడా వినిపిస్తుంది. బల్బు, ఫ్యూజు, స్విచ్చు మార్చుకోవడం వేరు. కొత్త లైను వేయడం లైసెన్సున్న కాంట్రాక్టరు చేయాల్సిన పనని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఇక్కడ రాసినదంతా మీరు స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి కాదు. వచ్చిన పనివాడు తప్పు చేయబోతుంటే పక్కన నిలబడి అడగడానికి. “30 మిల్లీ ఆంపియర్లదే తెచ్చారా అన్నా, పైపు కింది నుంచి ఎక్కిస్తారుగా” అని మర్యాదగా అడిగితే మంచి పనివాడు నొచ్చుకోడు.

ప్లగ్గు గోల లేకుండా కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు బయటికి వేసుకుంటే చాలనేది ఇంకో మాట. పండగ ఒక్క పూట పొడి వాతావరణంలో సరే. ఏడాది పొడవునా కిటికీ రెక్క కింద నలిగే వైరు మాత్రం వద్దు.

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇటుక ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఒక్క ముక్క. అక్కడి ఇటుక చాలావరకు చెక్క చట్రం ముందు నిలబెట్టిన ఒక్క వరసే. వెనక ఖాళీ ఉంటుంది, అందులోకి చేరిన వాన నీరు బయటికి రావడానికి కింది వరసలో సందులు వదులుతారు. చీమలొస్తున్నాయని వాటిని మూసేయమనే సలహా వినకండి, లోపలి చెక్క కుళ్లుతుంది. అక్కడ 120 వోల్టులే అయినా బయటి ప్లగ్గుకు 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే తెంచేసే జీఎఫ్‌సీఐ రక్షణ 1970ల నుంచీ తప్పనిసరి. మన 230 వోల్టుల పెరటి ప్లగ్గుకు రక్షణ ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుసుకోవచ్చు.

పెట్టాక మర్చిపొమ్మనే సలహా మిగిలింది. నెలకోసారి ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని రాసి ఉన్న బొత్తాం నొక్కండి. టక్కున పడాలి. పడకపోతే అదే రోజు మార్పించండి. మృగశిర కార్తె రాకముందే ఒకసారి లైను ఆపి మూత తెరిపించి చూడండి: లోపల కిలుముందా, రబ్బరు అంచు పగిలిందా, సాకెట్టు రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చలున్నాయా. మచ్చ ఉందంటే అక్కడ వేడెక్కుతోంది. తుడిచి వాడకండి, సాకెట్టు మార్పించండి.

ఇవన్నీ చేసినా ఎప్పుడైనా ఎవరికైనా కరెంటు పట్టుకుంటే “లాగెయ్, లాగెయ్” అని చుట్టూ ఉన్నవాళ్లు అరుస్తారు. లాగకండి. ఒకరిని లాగబోయి ఇద్దరు, ముగ్గురు పోయిన ఇళ్లున్నాయి. ముందు లోపలి డీపీ స్విచ్ ఆపాలి, లేదా బోర్డులో బ్రేకరు దించాలి. అది అందకపోతే పొడి చోట నిలబడి పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో వైరును నెట్టాలి. మనిషి విడివడ్డాక కాళ్లూ చేతులూ రుద్దుతూ కూర్చోకండి. పిలిస్తే పలక్క, ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, అయిదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి. షాక్ కొట్టిన కొంతసేపటి తరవాత కూడా గుండె లయ తప్పవచ్చు.

బోర్డులో ఆ బ్రేకరు మీద “పెరటి ప్లగ్గు” అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఇంట్లో అందరికీ, పనికొచ్చే ఆమెకు కూడా దాన్ని ఒకసారి చూపించి, వాళ్ల చేతనే కిందికి దింపించి చూడండి.